ముందు ఉప్పా, ముందు నిమ్మా?

కౌజు పిట్టని కూడా కోడిని వండినట్టే వండాం కదా, మరి పిట్ట మాంసం ఎందుకలా పీచుపీచుగా ఎండిపోయింది?

కలిదిండి, కైకలూరు, ఆకివీడు వైపు కౌజు పిట్టలు కొని తెచ్చుకునే ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. మసాలా అదే, అల్లం వెల్లుల్లి అదే, పొయ్యి అదే, వండిన చెయ్యీ అదే. కోడి మెత్తగా దిగింది. పిట్ట మాత్రం ఎంత నమిలినా నోట్లోనే ఉంటోంది. "ముదురు పిట్టలు అంటగట్టాడు" అని దుకాణదారు మీద తోసేస్తాం. నిజానికి ఆ పిట్ట వయసు 5 వారాలకి అటూ ఇటూగా ఉంటుంది. ముదరడానికి దానికి తీరిక ఎక్కడిది?

తప్పు పిట్టదీ కాదు, దుకాణదారుదీ కాదు. మాంసంలోని నీరు ఎప్పుడు, ఎంత, ఎటు పోతోందన్నదే ఇక్కడ అసలు సంగతి. దాన్ని తేల్చుకోవడానికి ఈ అధ్యాయంలో కౌజు పిట్టని గ్రీకు పద్ధతిలో కాల్చి, పక్కన తాజా పళ్ల ముక్కలు పెడదాం. గ్రీకు పద్ధతే ఎందుకంటే అందులో దినుసులు తక్కువ: ఉప్పు, నూనె, ఒక సువాసన ఆకు, వెల్లుల్లి, నిమ్మ. మన మసాలాలో పది పదిహేను దినుసులు కలిసి పనిచేస్తాయి గనక ఏది ఏం చేసిందో విడదీసి చెప్పడం కష్టం. గ్రీకు కాల్పులో ప్రతి దినుసు చేసే పనీ విడిగా కనిపిస్తుంది.

ఏ పిట్ట?

కొల్లేటి ఒడ్డున పిట్ట మాంసం గురించి మాట్లాడితే ముందు ఏ పిట్టో చెప్పాలి. చలికాలం వచ్చిందంటే సరస్సు మీద పరజలు, నామాలకోళ్లు వాలతాయి. ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్లు కడతాయి. ఒకప్పుడు వలలూ ఉచ్చులూ పెట్టి నీటి పక్షుల్ని పట్టడం ఇక్కడ మామూలే. ఇప్పుడది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో కొల్లేరు చేరింది. "కొల్లేటి పిట్ట" అని ఎవరైనా చాటుగా చేతిలో పెట్టబోతే, పట్టిన వాడితో పాటు కొన్నవాడూ ఇరుక్కుంటాడు.

చట్టాన్ని పక్కన పెట్టినా, అడవి పిట్టని వద్దనడానికి వైద్యపరమైన కారణం కూడా ఉంది. దానికి మంచి ఉదాహరణ గ్రీసులోనే దొరుకుతుంది. గ్రీసు దక్షిణ కొసన మాని అనే ద్వీపకల్పం ఉంది. యూరప్ నుంచి ఆఫ్రికాకి వలసపోయే కౌజు పిట్టలు సముద్రం దాటే ముందు అక్కడ దిగుతాయి. అక్కడివాళ్లు తరతరాలుగా వాటిని వలలతో పట్టి, ఉప్పులో ఊరవేసి నిల్వ చేసుకునేవారు. అయితే మధ్యధరా తీరాల్లో ఇలాంటి వలస పిట్టల్ని తిన్నవాళ్లలో కొందరికి ఒళ్లంతా కండరాల నొప్పులు, విపరీతమైన నీరసం, మూత్రం నల్లబడటం కనిపించేవి. కండరాలే చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలవడం దీనికి మూలం. వైద్యులు దీన్ని కోటర్నిజం అంటారు. పిట్ట దారిలో తిన్న విషపు గింజల వల్లనో మరోదాని వల్లనో అన్న చర్చ ఈనాటికీ తేలలేదు. ఫారంలో పెరిగిన పిట్టతో ఆ బెంగ లేదు. అది ఏం తిన్నదో పెంచినవాడికి తెలుసు.

మన దుకాణాల్లో దొరికేది జపాను కౌజు. దీన్ని 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి మన దేశానికి తెచ్చారు. బరేలీ పక్కన ఇజ్జత్‌నగర్‌లోని పరిశోధకులు మన వాతావరణానికి తగ్గట్టు దీని రకాల్ని వృద్ధి చేశారు. గుడ్డు 17, 18 రోజులకి పొదుగుతుంది. 5 వారాలకి పిట్ట సుమారు 200 గ్రాముల బరువు తూగుతుంది. కొందరు దీన్నే కంజు పిట్ట అని అడిగి తీసుకుంటారు.

కొనేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోవాలి. మన దగ్గర కోడికైనా పిట్టకైనా ఈకల్ని తోలుతో సహా లాగేసి ఇవ్వడం అలవాటు. కాల్చుకునే పిట్టకి తోలు ఉండాలి. ఈకలు మాత్రం పీకి ఇమ్మని ముందే చెప్పాలి. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

రొమ్ము మాంసం ఎర్రగా ఎందుకుంది?

కోడి రొమ్ము ముక్క తెల్లగా, తొడ ముక్క కాస్త ఎర్రగా ఉంటాయి. కౌజు పిట్టలో రొమ్ము కూడా ముదురు రంగే. ఈ రంగు రక్తానిది కాదు. కండరాల్లో ఉండే ఎర్ర పదార్థం మయోగ్లోబిన్‌ది. ఆక్సిజన్‌ని పట్టి ఉంచి, అవసరమైనప్పుడు కండరానికి అందించడం దీని పని.

చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే ఏమవుతుందో ఈ ప్రాంతపు రైతుకి ఒకరు చెప్పనక్కర్లేదు. రాత్రంతా ఏరియేటర్లు తిప్పేది అందుకే. రొయ్యలు పలచగా ఉన్న చెరువుకి ఒకటో రెండో సరిపోతాయి. కిక్కిరిసిన చెరువుకి ఎక్కువ కావాలి. కండరాల్లోనూ లెక్క అదే. నేల మీద గింజలేరుకు తిరిగే కోడికి రెక్కల కండరాలతో పెద్ద పని లేదు గనక వాటిలో మయోగ్లోబిన్ తక్కువ, రొమ్ము తెల్లన. కౌజు జాతి ఎగిరి వలసపోయే జాతి. ఖండాలు దాటే రెక్కకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, కాబట్టి దాని రొమ్ము ఎరుపు. ఫారం పిట్ట జీవితంలో ఎగిరింది లేకపోయినా, తాతముత్తాతల నుంచి వచ్చిన కండరం అదే. పిట్ట మాంసానికి కోడికి లేని చిక్కటి రుచి రావడానికి, ఇనుము ఎక్కువగా ఉండటానికి ఈ ఎరుపు కూడా ఒక కారణం.

ఇక్కడే ఒక చిక్కుంది. బాతు రొమ్మూ ఎరుపే, కానీ చల్లటి నీళ్లలో తేలాల్సిన బాతుకి తోలు కింద మందంగా కొవ్వు ఉంటుంది. కాలేటప్పుడు ఆ కొవ్వు కరిగి మాంసం మీదికి జారుతుంది, వంటలో కాస్త ఏమరుపాటు జరిగినా కాపాడుతుంది. కౌజు పిట్టకి ఆ ఆస్తి లేదు. సన్నని తోలు, దాని కింద పలచటి కొవ్వు పొర, లోపల కండరం, అంతే. మిగిలిందల్లా కండరంలోని నీరు. పచ్చి మాంసం బరువులో సుమారు ముప్పాతిక వంతు నీరే. పిట్ట రుచిగా ఉండాలంటే ఆ నీటిని కాపాడుకోవాలి.

వేడి ఏం చేస్తుంది?

మాంసం వేడెక్కుతుంటే అందులోని ప్రోటీన్లు ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకుంటాయి. 50 డిగ్రీల సెల్సియస్ దాటాక మయోసిన్ అనే ప్రోటీన్ గట్టిపడుతుంది. పారదర్శకంగా ఉన్న మాంసం తెలుపు తిరిగేది అప్పుడే. 60 దాటాక కండరాన్ని చుట్టి ఉన్న పొరల్లోని కొల్లాజెన్ కుంచించుకుపోయి, లోపలి నీటిని బయటికి పిండడం మొదలుపెడుతుంది. 70, 80 డిగ్రీల మధ్య ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ కూడా బిగుసుకుంటుంది. ఆ దశలో పోయే నీరు చాలా ఎక్కువ. మిగిలేది పీచు.

అయితే 60 దగ్గరే దించేద్దామా? కుదరదు. కోడి జాతి మాంసంలో సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా ఉండొచ్చు. మాంసం మధ్యభాగం 74 డిగ్రీలకి చేరితే అవి చస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఏలూరు, పశ్చిమగోదావరి, తూర్పుగోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా బాగా ఉడికించి తినమని చెప్పింది ఈ లెక్కనే. ఆ వైరస్‌కీ ఈ వేడిలో బతుకు లేదు. కాబట్టి మన గురి 74. దానికి తక్కువైతే ప్రమాదం, బాగా ఎక్కువైతే పీచు. ఉన్న సందు చాలా ఇరుకు.

మరి నాటుకోడిని గంటసేపు ఉడికిస్తే మెత్తబడుతుంది కదా? అదే కొల్లాజెన్ చేసే మేలు. ముదురు కోడి కండరాల్లో కొల్లాజెన్ ఎక్కువ, గట్టిది. నీళ్లలో నిదానంగా చాలాసేపు ఉడికితే అది కరిగి జిగురుగా మారుతుంది. పీచుల మధ్య ఆ జిగురు చేరడంతో మాంసం మెత్తగా, జారుగా అనిపిస్తుంది. పులుసు చిక్కబడేదీ, చల్లారాక పైన పేరుకున్నట్టయ్యేదీ దానివల్లే. 5 వారాల పిట్టలో అంత కొల్లాజెన్ లేదు. ఎంతసేపు ఉడికించినా కరిగి జిగురయ్యేదేమీ పెద్దగా ఉండదు, నీరు పోవడమే మిగులుతుంది. మొదట్లో అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇదే. ముదురు మాంసానికి నీళ్లూ సమయమూ కావాలి. లేత మాంసానికి వేడీ వేగమూ కావాలి.

ఎనిమిదో వంతు బరువు, నాలుగో వంతు సమయం

మిగతా సగం జవాబు పిట్ట సైజులో ఉంది. ఒక కోడి 1,600 గ్రాములు, ఒక పిట్ట 200 గ్రాములు అనుకుందాం. బరువులో ఎనిమిది రెట్ల తేడా. మందంలో మాత్రం తేడా రెండు రెట్లే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి. వేడి బయటి నుంచి మధ్యకి చేరడానికి పట్టే సమయం మందాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపైతే సమయం దాదాపు నాలుగు రెట్లు. ఓవెన్లో నిండు కోడికి గంటా పావు పడితే, అదే వేడిలో పిట్టకి 20 నిమిషాలు పట్టదు.

ఇది చూడ్డానికి లాభమే. తొందరగా వంట అయిపోతుంది, గ్యాసు మిగులుతుంది. ఇబ్బంది పైపొరతో వస్తుంది. కాల్చిన మాంసం కమ్మదనమంతా ఎర్రబడిన పైపొరలోనే ఉంటుంది. మాంసంలోని ప్రోటీన్ ముక్కలూ, కొద్దిపాటి చక్కెరలూ వేడికి కలిసి వందల రకాల కొత్త వాసనల్ని, ఆ గోధుమ రంగునీ పుట్టిస్తాయి. 1912లో లూయీ కామీ మెయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని మొదట వివరించాడు గనక దీనికి మెయ్యార్ చర్య అని పేరు. మనం వేపుడు అడుగున గీకి తినేది, దోసె అంచున కరకరలాడేది, వేయించిన కాఫీ గింజ వాసన, అన్నీ దీని ఫలితాలే.

ఈ చర్య చురుగ్గా జరగాలంటే సుమారు 140 డిగ్రీల వేడి కావాలి. కానీ తడి ఉన్నంతసేపూ ఏ ఉపరితలమూ 100 డిగ్రీలు దాటదు. వచ్చిన వేడినంతా నీరు ఆవిరవడానికే వాడేసుకుంటుంది. మన ఇళ్లలో మాంసం ఇగురు వండేవాళ్లకి ఇది చేతి అనుభవంగా తెలుసు. ముక్క నీళ్లలో కుతకుతలాడుతున్నంతసేపూ కూరలో ఉడుకు వాసన తప్ప మరోటి ఉండదు. నీరంతా ఇగిరి, నూనె పైకి తేలాక, గరిటె తిప్పుతుంటే రంగు మారుతుంది, వాసన వీధిలోకి వెళుతుంది. అప్పుడు గిన్నెలో వేడి 100 దాటిందన్నమాట.

కోడికి గంటా పావు వ్యవధి ఉంది. పైన తడి ఆరడానికీ ఎర్రబడటానికీ అది చాలు. పిట్టకి ఆ వ్యవధి లేదు. మామూలు మంట మీద పెడితే తోలు తడి ఆరేలోపే లోపలి మాంసం 74 దాటుతుంది. రంగు రాలేదని ఇంకాసేపు ఉంచుతాం, లోపల 85 అవుతుంది. అలా ఎండిపోయిందే మన పిట్ట. ఈ పోటీలో గెలవాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, మంట పెద్దదిగా ఉండాలి. రెండు, పిట్ట మంట ఎక్కేముందే దాని తోలు పొడిగా ఉండాలి. గ్రీకు పద్ధతిలో దినుసుల వరస అంతా ఈ రెంటి కోసమే.

ఉప్పు ముందు

పిట్టకి ముందు రోజు రాత్రే ఉప్పు రాయాలి. మాంసం బరువులో నూటికి ఒకటిన్నర వంతు, అంటే 200 గ్రాముల పిట్టకి 3 గ్రాములు, సుమారు అర టీస్పూను. రాసిన కొద్దిసేపటికి తోలు మీద నీటి బొట్లు కనిపిస్తాయి. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగింది. ఇక్కడ ఆపి వండితే నష్టమే: తోలు తడి, లోపల నీరు తక్కువ. ఇంకొన్ని గంటలు ఆగితే కథ తిరగబడుతుంది. బయటికొచ్చిన నీరు ఉప్పుని కరిగించుకుని మళ్లీ మాంసంలోకి ఇంకుతుంది. ఆ ఉప్పునీరు కండరపు ప్రోటీన్లని కొద్దిగా సడలిస్తుంది. సడలిన ప్రోటీన్లు వేడికి బిగుసుకున్నా, మామూలు కంటే ఎక్కువ నీటిని పట్టుకుని ఉంటాయి.

రాత్రంతా పిట్టని పళ్లెంలో పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచాలి. ఫ్రిజ్‌లోని పొడి గాలికి తోలు ఆరి, తెల్లారేసరికి ముట్టుకుంటే కాగితంలా తగులుతుంది. కింది అరలో ఎందుకంటే పచ్చి మాంసం నీరు కారి మిగతా వాటి మీద పడకుండా. మన ఊళ్లలో నాటుకోడికి పసుపు రాసి మంట మీద కాల్చే అలవాటుంది. సన్నని నూగు కాలిపోవడంతో పాటు తోలు ఆరడం కూడా అందులో జరుగుతుంది. పిట్టకీ ఆ పని చేయొచ్చు, అయితే క్షణం సేపే.

తర్వాత నూనె. గ్రీసులో ఆలివ్ నూనె. అది లేకపోయినా వంటకి లోటు లేదు. నూనె పని వేడిని తోలులోని ప్రతి మడతకీ చేర్చడం. నీటిలా 100 దగ్గర ఆగిపోకుండా అంతకంటే పైకి వేడెక్కగలగడం దాని సుగుణం. వేరుశనగ నూనె ఇందుకు చక్కగా సరిపోతుంది. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది, చుట్టూ ఆ తోటలే. శుద్ధి చేసిన పామాయిల్ కూడా పెద్ద మంటకి తట్టుకుంటుంది. ఇంట్లో మంచి ఆలివ్ నూనె ఉంటే దాన్ని మంట మీద మాడ్చకుండా చివర్లో పచ్చిగా వేసుకోవడం మేలు.

సువాసనకి గ్రీకులు రిగాని అనే ఎండుటాకు వాడతారు. పిజ్జాతో పాటు చిన్న పొట్లంలో ఇచ్చే ఆరెగానో ఇదే. దాని ఘాటుకి మూలం కార్వక్రోల్, థైమోల్ అనే రెండు పదార్థాలు. మన వాము ఘాటంతా థైమోల్‌దే. బజ్జీలకి కోసుకునే వామాకులో రెండూ ఉంటాయి. కుండీలో వామాకు మొక్క ఉన్న ఇంటికి గ్రీకు వాసన కోసం బజారుకి వెళ్లే పనిలేదు. ఇవి నీటిలో సరిగా కరగవు, నూనెలో ఇట్టే కరుగుతాయి. అందుకని రెండు వామాకులు సన్నగా తరిగి, చిటికెడు వాము నలిపి, గోరువెచ్చటి నూనెలో వేసి కాసేపు వదిలేస్తే వాసనంతా నూనెకి పడుతుంది. వాము చిటికెడు దాటిందా, పిట్ట కాస్తా కడుపునొప్పి మందు వాసన కొడుతుంది. వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే, కాస్త చితక్కొట్టి, కాల్చేటప్పుడు పిట్ట పక్కన వేయాలి. తరిగి రాస్తే పెద్ద మంటకి పిట్ట కంటే ముందు అవే మాడి చేదెక్కుతాయి.

మంట మీద

కత్తెరతో వెన్నెముకకి రెండువైపులా కత్తిరించి దాన్ని తీసేయాలి. పిట్టని రొమ్ము పైకి ఉండేలా తిప్పి అరచేత్తో దాని మీద గట్టిగా నొక్కితే ఎముక చిట్లిన చప్పుడై, పుస్తకం విప్పినట్టు చదునుగా పరుచుకుంటుంది. ఉండలా ఉన్న పిట్ట ఇప్పుడు పలచనైంది. తొడా రొమ్మూ దాదాపు ఒకే మందానికి వచ్చాయి, ఒకేసారి ఉడుకుతాయి. తీసేసిన వెన్నెముకలు చారుకి పనికొస్తాయి.

ఓవెన్ ఉంటే 230 డిగ్రీలు. లేకపోతే బొగ్గుల కుంపటి మీద ఇనప జల్లెడ, అదీ లేకపోతే బాగా కాగిన మందపాటి ఇనప పెనం. వాము నూనె రాసి, తోలువైపు కిందికి పెట్టాలి. చుర్రుమంటూ వచ్చే చప్పుడు నీరు పోతున్న చప్పుడు. రెండు మూడు నిమిషాలకి ఆ చప్పుడు సన్నగిల్లి, చిటపటలు మాత్రం మిగులుతాయి. తడి అయిపోయింది, ఎర్రబడటం మొదలైంది. మధ్యలో కదిలించకూడదు. మొదట్లో పెనానికి అతుక్కున్న తోలు, రంగు తిరిగాక తనంతట తానే వదులుతుంది. అప్పుడు తిప్పి రెండోవైపు కాల్చాలి. తొడ మందంగా ఉన్నచోట గుచ్చి చూస్తే థర్మామీటర్ 74 చూపాలి. చెరువు నీళ్లకి వాడేది ఇక్కడ పనికిరాదు, వంటకి వాడే గుచ్చుడు థర్మామీటరే కావాలి.

దించి పళ్లెంలో ఐదు నిమిషాలు వదిలేయాలి. ఇప్పుడు నిమ్మ. గ్రీకులు ఒక వంతు నిమ్మరసానికి రెండు వంతులు నూనె పోసి, చిక్కబడేదాకా గిలక్కొట్టి లడోలెమోనో అనే పచ్చి పులుసు లాంటిది చేస్తారు. నూనే నీరూ కలవవు. గిలక్కొడితే నూనె సన్నని బొట్లుగా చెదిరి కాసేపు రసంలో తేలుతూ ఉంటుంది, తెల్లగా చిక్కగా కనిపిస్తుంది. వదిలేస్తే మళ్లీ విడిపోతుంది. అందుకే తినేముందే కొట్టి వేడి పిట్ట మీద పోయాలి.

నిమ్మ ముందే ఎందుకు పోయకూడదు? గ్రీసులోనూ నానబెట్టేవాళ్లున్నారు, మనకైతే అది అలవాటే. కానీ రసం అంటే నీరు. ఆరబెట్టిన తోలుని మళ్లీ తడుపుతుంది. పైగా పులుపు మెయ్యార్ చర్యని మందగింపజేస్తుంది, రంగు రావడం ఆలస్యమవుతుంది. ఆలస్యమంటే ఏమిటో చూశాం కదా. రాత్రంతా నిమ్మలో నానిన లేత మాంసం పైపొర వేడి తగలకుండానే తెల్లబడి, పిండిపిండిగా తయారవుతుంది.

పళ్లకి వరస తిరగబడుతుంది

పక్కన పెట్టే పళ్లకి ఈ ప్రాంతంలో కొదవ లేదు. వేసవిలో నూజివీడు రసాలు, మిగతా కాలంలో జామ, బొప్పాయి, అనాస, దానిమ్మ, కమలా. ఉద్యాన పంటల మీద చదువూ పరిశోధనా జరిపే విశ్వవిద్యాలయం 2007 నుంచి తాడేపల్లిగూడెం దగ్గరి వెంకట్రామన్నగూడెంలోనే ఉంది. ఆ తాడేపల్లిగూడెం హోల్‌సేల్ మార్కెట్‌కి పేరు తెచ్చిన ఉల్లిపాయని కూడా ఈ పళ్లెంలో ఒకటి రెండు పలచటి చక్రాలుగా వేయొచ్చు. చల్లటి నీళ్లలో కడిగితే ఘాటు తగ్గుతుంది.

జామకాయ కోసిన కాసేపటికి రంగు మారుతుంది. అరటి, యాపిల్ ఇంకా తొందరగా. ఇదీ ఎర్రబడటమే, కానీ పిట్ట మీద జరిగినది కాదు. ఇక్కడ మంట లేదు. కత్తి తగిలి కణాలు తెగినప్పుడు, వేర్వేరు గదుల్లో ఉన్న ఒక ఎంజైమూ కొన్ని వగరు పదార్థాలూ గాలిలోని ఆక్సిజన్ సమక్షంలో కలుస్తాయి. ఆ ఎంజైమ్ పేరు పాలీఫినాల్ ఆక్సిడేజ్. పిట్ట మీద ఎరుపు రుచి తెస్తుంది, పండు మీద ఈ మచ్చ చప్పదనం తెస్తుంది. దీన్ని ఆపేది నిమ్మే. పులుపు ఎంజైమ్ చతికిలబడేలా చేస్తుంది, నిమ్మలోని సి విటమిన్ అప్పటికే మొదలైన రంగుని వెనక్కి మళ్లిస్తుంది. కాబట్టి పళ్లకి నిమ్మ ముందు పడాలి, కోసిన వెంటనే.

ఉప్పు సంగతీ తిరగబడుతుంది. పళ్లలో నూటికి 80 నుంచి 90 వంతులు నీరు. పిట్ట మీద చూసినట్టే ఉప్పుగానీ పంచదారగానీ ఆ నీటిని బయటికి లాగుతుంది. కానీ తెగిన పండు ముక్కకి ఆ రసాన్ని తిరిగి పీల్చుకునే శక్తి లేదు. గంట ముందే ఉప్పు, కారం చల్లి పెడితే గిన్నె అడుగున రసం, పైన వడిలిన ముక్కలు మిగులుతాయి. ఉప్పు వడ్డించే క్షణానే చల్లాలి.

అనాస విషయంలో మరో జాగ్రత్త. అందులో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ప్రోటీన్లని ముక్కలు చేస్తుంది. ఎక్కువ తింటే నాలుక చురచురలాడేది అందుకే. పెరుగులో పచ్చి అనాస కలిపి ఉంచితే చేదెక్కేదీ అందుకే. బొప్పాయిలోని పపైన్‌దీ ఇదే పని, పచ్చికాయ పాలలో అది మరీ ఎక్కువ. బిర్యానీకి ముదురు మాంసాన్ని మెత్తబరచడానికి పచ్చి బొప్పాయి రాసేది దీనికోసమే. లేత పిట్టకి రాస్తే గుజ్జయిపోతుంది. కాల్చిన పిట్ట పక్కన పళ్లెంలో అనాస ముక్కలుంటే బాధ లేదు. మిగిలిన పిట్ట ముక్కల్ని అదే గిన్నెలో కలిపి రాత్రికి దాచితే మాత్రం ఎంజైమ్ తన పని తాను చేసుకుపోతుంది.

జామని వదలకూడదు. 100 గ్రాముల జామలో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకి పైనే, కమలాలో 50 దాకా. అన్నంలో, ఆకుకూరల్లో ఉండే ఇనుముని ఒళ్లు పీల్చుకోవడానికి సి విటమిన్ సాయం చేస్తుంది. పళ్లు మరీ చల్లగా ఉంటే నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. తినే అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టుకోవాలి. పిట్టని కోసిన కత్తితో, పలకతో పళ్లు కోయకూడదు. పిట్ట మీది బాక్టీరియాని మంట చంపుతుంది, పళ్లకి మంట తగలదు.

మొత్తం వరస ఇదీ. పిట్టకి ఉప్పు ముందు, నిమ్మ చివర. పళ్లకి నిమ్మ ముందు, ఉప్పు చివర. రెండుచోట్లా ఉన్నవి అవే దినుసులు. వేసే వేళ మారింది, ఎందుకంటే ఒకచోట ఎరుపు కావాలి, ఇంకోచోట వద్దు. ఒకచోట లోపలికి ఇంకే నీరుంది, ఇంకోచోట పోతే తిరిగి రాని నీరుంది.

ఇదంతా నమ్మమని అడగడం లేదు, తూచి చూసుకోవచ్చు. ఒకే బరువున్న రెండు పిట్టలు తీసుకోండి. ఒకదానికి రాత్రే ఉప్పు రాసి ఆరబెట్టండి. రెండోదానికి వండే ముందు అంతే ఉప్పు రాయండి. పొయ్యి ఎక్కించే ముందు రెంటినీ వంటింటి త్రాసు మీద విడివిడిగా తూచి రాసుకోండి. ఒకే పెనం మీద కాల్చి, రెండూ 74కి రాగానే దించి, ఐదు నిమిషాలాగి మళ్లీ తూచండి. తగ్గిన గ్రాముల్లో చాలా మటుకు పోయిన నీరే, తోలు కింది కొవ్వు కరిగింది కొంచెం ఉంటుంది. ఏ పిట్ట ఎక్కువ పోగొట్టుకుందో త్రాసు చెబుతుంది. ఏది బాగుందో ఇంట్లో పిల్లల్ని అడగండి. రెండు జవాబులూ ఒకటేనేమో చూడండి.